బుట్టలో బంతి

సాయంకాలం బడి వదలగానే ఆటస్థలంలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఎవడో ఒకడు బాస్కెట్ బాల్ పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. వాడి వెనక పదిమంది. బంతి ఎవడి చేతిలో పడితే వాడు దాన్ని నేలకేసి కొట్టుకుంటూ నాలుగడుగులు వేసి, సగం దూరం నుంచే రింగుకేసి విసురుతాడు. అది బోర్డుకు ధనామని కొట్టుకుని ఎటో పోతుంది. మళ్ళీ పదిమందీ దాని వెనక పరుగు. అరగంట గడిచేసరికి అందరూ రొప్పుతూ ఉంటారు. రింగులో పడ్డ బంతులు మటుకు ఒకటో, రెండో. ఒక పక్కగా ఒక పొట్టి కుర్రవాడు నిలబడి ఉంటాడు. ఆ అరగంటలో వాడి చేతికి బంతి ఒక్కసారి కూడా రాలేదు.

ఈ ఆటలో లోపం ఎక్కడున్నది? పిల్లలకు బలం లేకపోలేదు, ఉత్సాహం అంతకన్నా ఉన్నది. లేనివల్లా రెండే. ఒకటి, బంతిని తోటివాడికి సరిగా అందివ్వటం. రెండు, రింగు దగ్గరికి చేరిన తరవాత బంతిని తప్పకుండా అందులో వెయ్యటం. ఈ రెండూ వచ్చిన అయిదుగురు సామాన్యులు, ఇవి రాని అయిదుగురు బలశాలుల్ని సులువుగా ఓడించగలరు. చిత్రమేమంటే, ఈ రెండూ నేర్చుకోవటానికి పొడుగు అక్కర్లేదు. ఒక బంతి, ఒక గోడ, కాస్త ఓపిక ఉంటే చాలు. ఎట్లా నేర్చుకోవాలో చెప్పేముందు ఈ ఆట ఎట్లా పుట్టిందో చెబుతాను. ఎందుకంటే కిటుకంతా అక్కడే ఉన్నది.

పరుగు లేని ఆట

అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాల ఒకటి ఉండేది. 1891 చలికాలంలో అక్కడ జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడికి ఒక చిక్కు వచ్చిపడింది. బయట మంచు. ఆడుకునేందుకు వీల్లేదు. లోపల కసరత్తులు చేసి చేసి కుర్రవాళ్ళు విసిగిపోయారు. నాలుగు గోడల మధ్య ఆడటానికి ఒక కొత్త ఆట కనిపెట్టమని పైఅధికారి ఆయనకు రెండు వారాల గడువు ఇచ్చాడు.

నైస్మిత్ తనకు తెలిసిన ఆటలన్నీ ఒక్కొక్కటే తీసి పరీక్షించాడు. బంతితో పరిగెత్తే ఆటలో వాణ్ణి ఆపటానికి మిగిలినవాళ్ళు మీదపడతారు. గట్టి నేలమీద అట్లా పడితే కాళ్ళూ చేతులూ విరుగుతాయి. అయితే బంతి పట్టుకున్నవాడు అసలు పరిగెత్తకపోతే? అప్పుడు వాడి మీద ఎవరూ పడనవసరం లేదు! ఆయన ఆ నియమమే పెట్టాడు. బంతి అందుకున్నవాడు అందుకున్న చోటి నుంచే దాన్ని ఇంకొకడికి అందివ్వాలి.

ఇక బంతి వెయ్యటానికి ఒక గమ్యం కావాలి. ఎదురుగా నిలువునా ఉండే గమ్యమైతే కుర్రవాళ్ళు బలమంతా పెట్టి కొడతారు. నైస్మిత్ కెనడా దేశస్థుడు. చిన్నతనంలో ఆయన ఆడిన ఆట ఒకటి గుర్తుకు వచ్చింది. ఒక బండమీద రాయి నిలబెట్టి, దూరం నుంచి ఇంకో రాయితో దాన్ని పడగొట్టాలి. గట్టిగా విసిరినవాడి రాయి గురి తప్పితే ఎంతో దూరం పోతుంది. దాన్ని తెచ్చుకునేలోగా కాపలావాడు పట్టుకుంటాడు. మెల్లిగా, విల్లులా వంపు తిరిగేటట్టు పైకి వేసినవాడి రాయి అక్కడే పడుతుంది. అందుచేత గమ్యాన్ని తలలకన్నా ఎత్తున, ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉండేటట్టు పెడితే బలం పనికిరాదు, నేర్పు కావాలి అని ఆయనకు తోచింది.

పాఠశాల పనివాణ్ణి రెండు పెట్టెలు తెమ్మంటే వాడు పెట్టెలు దొరకలేదని పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెచ్చి ఇచ్చాడు. వాటిని పైనున్న వసారా కమ్మీకి మేకులతో బిగించారు. ఆ కమ్మీ ఎత్తు పది అడుగులు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ చూసినా పెద్దల ఆటలో రింగు ఎత్తు ఆ పది అడుగులే, అంటే 3.05 మీటర్లు!

తరగతిలో 18 మంది ఉన్నారు గనక పక్షానికి తొమ్మిదిమంది చొప్పున 1891 డిసెంబరులో మొదటి ఆట ఆడారు. మొత్తం ఆటలో బుట్టలో పడిన బంతి ఎన్నిసార్లో తెలుసా? ఒక్కసారి! పడిన బంతిని ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి తియ్యవలసి వచ్చేది. బుట్టకు అడుగు తీసేస్తే సరిపోతుందన్న సంగతి తరవాత తట్టింది.

చూశారా? బంతిని నేలకేసి కొట్టుకుంటూ పోవటం తరవాత వచ్చి చేరింది. అందివ్వటం మాత్రం ఆటతోబాటే పుట్టింది. 1936లో బెర్లిన్ ఒలింపిక్సులో బాస్కెట్ బాల్‌ను మొదటిసారి పతకాల ఆటగా చేర్చినప్పుడు పోటీలు ఆరుబయట మట్టినేల మీద పెట్టారు. అమెరికాకూ కెనడాకూ జరిగిన చివరి ఆట నాడు వాన కురిసి నేలంతా బురద అయింది. బురదలో కొట్టిన బంతి పైకి లేవదు గద! ఆడేవాళ్ళు బంతిని చేతి నుంచి చేతికి అందిస్తూ ఆట సాగించవలసి వచ్చింది. అమెరికా 19, కెనడా 8 పాయింట్లతో ఆట ముగిసింది. ముసలివాడైన నైస్మిత్ తాను కనిపెట్టిన ఆటకు ఆ గౌరవం దక్కటం అక్కడ ఉండి కళ్ళారా చూశాడు.

ఈ ఆటకూ మనకూ కూడా ఒక పాత చుట్టరికం ఉన్నది. స్ప్రింగ్‌ఫీల్డులో చదువుకున్న హెచ్.సి. బక్ అనే ఆయన 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ శిక్షణ కళాశాల స్థాపించాడు. ఆనాడు మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి.

బంతికి అలుపు లేదు

అందివ్వటం ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ముగ్గురు పిల్లల్ని ఏడెనిమిది అడుగుల ఎడంగా వరసలో నిలబెట్టండి. మీలోకెల్లా బాగా పరిగెత్తేవాణ్ణి మొదటివాడి పక్కన నిలబెట్టండి. "ఊఁ" అనగానే పరిగెత్తేవాడు మూడోవాడి దాకా పరిగెత్తాలి. బంతి చేతులు మారుతూ మూడోవాడికి చేరాలి. బాగా అలవాటైన ముగ్గురైతే బంతే ముందు చేరుతుంది. రెండోసారీ, మూడోసారీ ఇట్లాగే చేస్తే పరిగెత్తేవాడికి ఆయాసం వస్తుంది. బంతికి అలుపు లేదు!

ఇక అందించే విధానం. బంతిని రెండు చేతులతో రొమ్ముకు ఎదురుగా పట్టుకోండి. వేళ్ళు విప్పి ఉండాలి, అరచేతులు బంతికి అంటరాదు. మోచేతులు ఒంటికి దగ్గిరగా ఉండాలి. ఒక కాలు ముందుకు వేస్తూ చేతులు చాచి బంతిని వదలండి. వదిలిన తరవాత మీ బొటనవేళ్ళు నేలను చూస్తూ ఉంటే సరిగా వేశారన్నమాట. అడుగు ముందుకు ఎందుకు వెయ్యాలంటారా? చేతులతో మాత్రమే తోస్తే బంతికి చేతుల బలమే అందుతుంది. అడుగు వేస్తే ఒంటి బరువు కూడా దాని వెంట పోతుంది.

ఎదుటి పక్షంవాడు మధ్యన చేతులు చాపి అడ్డంగా ఉంటే బంతిని నేలకు కొట్టి అందివ్వాలి. నేలకు ఎక్కడ కొట్టాలి? మీకూ మీ స్నేహితుడికీ ఉన్న దూరాన్ని మూడు భాగాలు చేస్తే, రెండు భాగాలు దాటిన చోట. అక్కడ తగిలితే బంతి లేచి వాడి నడుము దగ్గిరికి వస్తుంది. మీకు దగ్గరగా కొడితే నిదానంగా, ఎత్తుగా లేచి మధ్యవాడి చేతికి చిక్కుతుంది. మరీ వాడి కాళ్ళ దగ్గిర కొడితే వాడు వంగి ఏరుకోవాలి. బంతిలో గాలి సరిపడా ఉండాలి సుమా! మీ తల ఎత్తు నుంచి వదిలితే అది మీ నడుముకు కాస్త పైదాకా లేవాలి.

పరిగెత్తేవాడికి అందివ్వటంలో ఒక చిన్న లెక్క ఉన్నది. మీ స్నేహితుడు సెకనుకు అయిదు మీటర్ల చొప్పున పరిగెత్తుతున్నాడనుకోండి. మీ బంతి సెకనుకు పది మీటర్లు పోతుంది. ఆరు మీటర్ల దూరం పోవటానికి బంతికి సెకనులో పదింట ఆరు వంతులు పడుతుంది. ఈలోగా వాడు మూడు మీటర్లు ముందుకు పోయాడు! అందుచేత వాడు ఉన్న చోటికి కాదు, ఉండబోయే చోటికి బంతి వెయ్యాలి.

అందుకోవటం కూడా ఒక విద్యే. వేళ్ళ కొసల్ని బంతికి ఎదురు పెట్టకండి, వేళ్ళు బెణుకుతాయి. వేళ్ళు పైకి చూస్తూ, అరచేతులు బంతి వైపు ఉండాలి. బంతి తగలగానే చేతుల్ని ఒంటి వైపుకు లాక్కోండి. విసిరిన కోడిగుడ్డును పట్టుకోవలసి వస్తే ఎట్లా పట్టుకుంటారు? అట్లా. బంతి ఆగటానికి పట్టే సమయం పెరిగినకొద్దీ చేతికి తగిలే దెబ్బ తగ్గుతుంది.

ఇదంతా నేర్చుకునేందుకు తోడు ఎవరూ లేరా? గోడ ఉన్నది. గోడమీద మీ రొమ్ము ఎత్తున సుద్దతో పళ్ళెమంత గుండ్రం గియ్యండి. ఆరడుగుల దూరంలో నిలబడి ఆ గుండ్రంలో కొట్టి, తిరిగి వచ్చే బంతిని పట్టుకోండి. గోడ మొహమాటం లేని గురువు. మీరు సరిగా వేస్తే సరిగా తిరిగి ఇస్తుంది. వంకరగా వేస్తే వంకరగా ఇస్తుంది. అయితే ఆ గోడ కిటికీ లేని గోడ అయి ఉండాలి. ఇంటివాళ్ళను ముందు అడగాలి.

అమ్మ గాజులోనుంచి చూడండి

ఇప్పుడు రింగు సంగతి. దూరం నుంచి చూస్తే అది ఎంతో చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి దాని అడ్డుకొలత 45 సెంటీమీటర్లు, అంటే ఒక మూర. పెద్దల ఆటలో బంతి అడ్డుకొలత సుమారు 24 సెంటీమీటర్లు, అంటే ఒక జానెడు కన్నా పిసరు ఎక్కువ. రెండు జానలు ఒక మూర గద! రింగులో దాదాపు రెండు బంతులు పక్కపక్కన పట్టేటంత చోటు ఉన్నదన్నమాట.

మరి బంతి ఎందుకు పడదు? అమ్మ నడిగి ఒక గాజు తీసుకోండి. దాన్ని బల్లమీద పెట్టి నిట్టనిలువుగా పైనుంచి చూడండి. పూర్తి గుండ్రం కనిపిస్తుంది. ఇప్పుడు మెల్లిగా తల కిందికి దించుతూ చూడండి. గుండ్రం నొక్కుకుపోయి కోడిగుడ్డులా, ఆ తరవాత చింతాకులా, చివరకు గీతలా కనిపిస్తుంది. గాజు మారలేదు, మీరు చూసే వాలు మారింది. బంతికి కూడా రింగు ఇట్లాగే "కనిపిస్తుంది". పైనుంచి 60 డిగ్రీల వాలులో దిగే బంతికి 39 సెంటీమీటర్ల సందు ఉంటుంది. 45 డిగ్రీలైతే దాదాపు 32. అదే 30 డిగ్రీల వాలులో బల్లపరుపుగా వచ్చే బంతికి ఇరవై రెండున్నర సెంటీమీటర్లే! 24 సెంటీమీటర్ల బంతి రింగుకు తగలకుండా అందులో ఎట్లా దూరుతుంది? నైస్మిత్ చిన్ననాటి రాళ్ళ ఆటలోని కిటుకు ఇదే. బలంగా కాదు, వంపుగా వెయ్యాలి.

అందుకనే సాధన దగ్గరనుంచి మొదలుపెట్టాలి. రింగుకు ఎదురుగా ఒక గజం దూరంలో నిలబడండి. మోకాళ్ళు కొంచెం వంచండి. బంతి కుడిచేతి వేళ్ళమీద నిలవాలి, ఎడమచెయ్యి పక్కనుంచి ఊరికే ఆసరా ఇవ్వాలి. మోచెయ్యి బంతికి సరిగా కింద ఉండాలి. కాళ్ళు నిటారు చేస్తూ బంతిని పైకి లేపి, చివరకు మణికట్టు ముందుకు వంచండి. బంతి పోయిన తరవాత మీ చెయ్యి, చేపకోసం మెడ వంచిన కొంగలాగా ఉండాలి.

ఇట్లా వేళ్ళకొసల నుంచి వదిలిన బంతి వెనక్కు తిరుగుతూ పోతుంది. ఆ తిరుగుడు ఎంతో మేలు చేస్తుంది. రింగుకు తగిలినప్పుడు బంతి ముందుకు దూకకుండా దాని వేగాన్ని తగ్గిస్తుంది. బోర్డుకు తగిలినప్పుడు బంతిని కిందికి, అంటే రింగు వైపుకు దింపుతుంది.

పక్కనుంచి వేసేటప్పుడు బోర్డు సాయం తీసుకోవాలి. మీరు కారమ్స్ ఆడతారు గద? కాయ అంచుకు ఏ వాలున తగిలితే, అవతలి పక్కకు అదే వాలున తిరిగి వస్తుంది. బోర్డూ అంతే. దానిమీద రింగుకు పైన ఒక చిన్న చదరం గీసి ఉంటుంది. మీరు కుడిపక్కన ఉంటే దాని కుడివైపు పైమూలకు, ఎడమపక్కన ఉంటే ఎడమవైపు పైమూలకు గురిచూసి మెత్తగా తాకించండి. మిగతా పని బోర్డే చేస్తుంది.

కళ్ళజోడు కుర్రవాడు

"దగ్గిరనుంచి వెయ్యటం కూడా ఒక గొప్పేనా?" అని మీరు అడగవచ్చు. జవాబుగా జార్జి మైకన్ కథ చెబుతాను.

ఇతను 1924లో అమెరికాలో పుట్టాడు. ఎదిగి ఎదిగి ఆరడుగుల పది అంగుళాలు అయినాడు. కంటికి మందమైన కళ్ళజోడు. నడిస్తే తడబాటు, బంతి పడితే తత్తరపాటు. అంత పొడుగువాళ్ళకు ఈ ఆట చేతకాదని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవాళ్ళు. ఒక పేరుపొందిన విశ్వవిద్యాలయం అతన్ని చేర్చుకోనన్నది కూడా.

1942లో అతను షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ రే మేయర్ అనే శిక్షకుడు అతన్ని పట్టి సాధన చేయించాడు. తాడాట ఆడించాడు. కాళ్ళు చురుకుదేరటానికి నాట్యం నేర్పించాడు! అన్నిటికన్నా ముఖ్యం, రింగుకు కిందనే నిలబెట్టి కుడిపక్కనుంచి కుడిచేత్తో ఒకటి, ఎడమపక్కనుంచి ఎడమచేత్తో ఒకటి, మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ, ఇట్లా బంతులు వేయించాడు. రింగులోనుంచి పడిన బంతిని నేల తాకనివ్వకుండా పట్టుకుని వెంటనే రెండోపక్కకు తిరగాలి.

ఫలితం ఏమైందంటారా? 1945లో ఒక పోటీలో డిపాల్ జట్టు 97 పాయింట్లు చేసి రోడ్ ఐలండ్ జట్టును ఓడించింది. ఓడిన జట్టంతా కలిసి 53 పాయింట్లు చేసింది. మైకన్ ఒక్కడే 53 చేశాడు! తరవాత అతను మినియాపొలిస్ లేకర్స్ అనే జట్టులో చేరాడు. రింగు దగ్గిర అతన్ని ఆపటం ఎవరితరమూ కాక, 1951లో ఆటను నడిపేవాళ్ళు రింగు ముందున్న నడవ వెడల్పును ఆరడుగుల నుంచి పన్నెండు అడుగులకు పెంచారు. ఒక్క మనిషి కోసం ఆట నియమమే మారింది.

ఆలోచించండి. మైకన్‌కు పొడుగు ముందునుంచీ ఉన్నది. అప్పుడు అతన్ని వద్దన్నారు. పొడుగుకు సాధన తోడైన తరవాతనే అతను మొనగాడైనాడు. అతను చేసిన ఆ సాధనను ఇప్పటికీ అన్ని దేశాల పిల్లలచేతా చేయిస్తారు. దాని పేరు మైకన్ డ్రిల్. మనలో పెద్దలు ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదంటారు. ఈ ఆటలో మటుకు ఎడమచేతికి కుడిచేతితో సమానమైన పని ఉన్నది.

ఒక నోటుపుస్తకం పెట్టండి

రోజూ అరగంట చాలు. మొదటి పది నిమిషాలు గోడ. మీ గుండ్రంలో యాభైసార్లు బంతి వెయ్యండి, ఎన్ని సరిగా తగిలినయ్యో రాసుకోండి. తరవాత పది నిమిషాలు రింగు దగ్గిర. ఎదురుగా పది, కుడిపక్క పది, ఎడమపక్క పది. పదింటికి ఎనిమిది పడేదాకా ఒక్క అడుగు కూడా వెనక్కు జరగకండి. ఎనిమిది పడిననాడు ఒకే ఒక్క అడుగు జరగండి. చివరి పది నిమిషాలు ముగ్గురు చేరి ఆడండి. ఇద్దరు అందించుకోవాలి, నడుమనున్నవాడు దొంగ. బంతి దొంగకు చిక్కితే, దాన్ని వేసినవాడు దొంగ కావాలి.

పన్నెండేళ్ళ లోపు పిల్లలు పెద్దల బంతితో, పదడుగుల రింగుతో కుస్తీ పట్టనవసరం లేదు. వారికోసం చిన్న బంతి, 2.60 మీటర్ల ఎత్తు రింగు ఉన్నయి. బడిలో రింగు లేకపోతే విచారించకండి. మూరెడు వెడల్పున్న వెదురుగంపకు అడుగు తీసేసి, పెద్దవాళ్ళచేత గోడకో చెట్టుకో గట్టిగా కట్టించుకోండి. ఈ ఆట పుట్టింది పళ్ళబుట్టతోనే అని మరిచిపోకండి!

నెల తిరిగాక సాయంకాలం మళ్ళీ ఆటస్థలానికి వెళ్ళండి. పక్కగా నిలబడి ఉన్న ఆ పొట్టి కుర్రవాడు గుర్తున్నాడా? వాణ్ణి పిలిచి రింగు దగ్గిర నిలబెట్టండి. మీమీదికి ఇద్దరు వచ్చి పడతారు. పడనివ్వండి. వాళ్ళు మీ దగ్గిర ఉన్నారంటే వాడి దగ్గిర ఎవరూ లేరన్నమాట. బంతిని నేలకు కొట్టి వాడికి అందివ్వండి. వాడు దాన్ని మెత్తగా బోర్డుకు తాకిస్తాడు. బంతి రింగులో పడుతుంది.

ఆ రెండు పాయింట్లూ వాడి పేరున రాస్తారు. అయితే పెద్ద పోటీల్లో లెక్కలు రాసేవాళ్ళు బంతి వేసినవాడి పేరుతోబాటు, అందించినవాడి పేరు కూడా "అసిస్టు" అనే వరసలో రాస్తారు. మీ ఆటలో అట్లా రాసేవాళ్ళు ఎవరూ లేకపోయినా ఫరవాలేదు. మీరు బంతి అందించారన్న సంగతి ఆ పొట్టి కుర్రవాడికి తెలుసు.